ఒకే బల్ల చుట్టూ అయిదు పాత్రలు: రోల్‌ప్లేయింగ్ ఆటలో కథ అందరికీ దక్కేలా నడిపే పద్ధతి

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర వేసి, మాటలతోనూ పాచికలతోనూ కలిసి కథ నడిపేదే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట. అందులో కథాలోకాన్ని వర్ణిస్తూ ఆటను నడిపే గేమ్ మాస్టర్‌కు నియమాలు గుర్తుపెట్టుకోవడం కంటే పెద్ద పని ఒకటి ఉంది. అయిదుగురు ఆటగాళ్లు కూర్చున్నప్పుడు ఇద్దరే కథంతా నడిపి, మిగిలిన ముగ్గురూ పాచిక వేయమన్నప్పుడు వేసి ఊరుకునే స్థితి రాకుండా చూసుకోవడమే ఆ పని. తిరుపతి, చిత్తూరు వంటి ఊళ్లలో ఈ ఆట తెలిసినవాళ్లు తక్కువ. కథలో తనకు చోటు లేదనిపించిన ఆటగాడు సాధారణంగా గొడవ పెట్టుకోడు. ఒకటి రెండు ఆదివారాలు ఏదో పని ఉందంటాడు, ఆ తర్వాత రావడం మానేస్తాడు. అతని స్థానంలో మరొకరిని వెతికి పట్టుకోవడం ఇక్కడ అంత సులువు కాదు కాబట్టి, ఉన్నవాళ్లను నిలుపుకోవడం తెలిసిన గేమ్ మాస్టర్ దగ్గరే ఆట ఏళ్ల తరబడి సాగుతుంది.

ఈ మార్గదర్శి అంతటా ఒకే క్యాంపెయిన్‌ను, అంటే వారాల తరబడి సాగే ఒకే కథను, ఉదాహరణగా తీసుకుంటాను. 1565లో తాళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, ఆ పైన చంద్రగిరికి తరలివచ్చిన కాలం అది. పాత్రలు అయిదు: కోట కచేరీలో లెక్కలు రాసే కరణం, శేషాచలం అడవి దారులు తెలిసిన వేటగాడు, మూలికలు తెలిసిన వైద్యురాలు, కోట కావలి సిపాయి, ఊరూరా తిరిగే బైరాగి. మీరు ఆడేది డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అయినా మరో ఆట అయినా కింద చెప్పిన పద్ధతి పనికివస్తుంది.

సమం అంటే ఏమిటో ముందు తేల్చుకోండి

చాలామంది గేమ్ మాస్టర్లు సమానత్వాన్ని నిమిషాలలో కొలుస్తారు. ఆ కొలత ఎంతవరకు నిలబడుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. ఒకసారి కూర్చుని ఆడేదాన్ని సెషన్ అంటారు. మూడు గంటల సెషన్ అంటే 180 నిమిషాలు. టీకీ, పలకరింపులకూ, నియమాల పుస్తకంలో పేజీలు వెతకడానికీ 30 నిమిషాలు పోతే 150 మిగులుతాయి. అందులో సగం గేమ్ మాస్టర్ వర్ణనలకే పోయినట్లయితే ఆటగాళ్లకు మిగిలేది 75 నిమిషాలు. అయిదుగురికి పంచితే తలా 15. ఆరో మనిషిని చేర్చుకుంటే ఆ వాటా పన్నెండున్నరకు దిగుతుంది. కాబట్టి ఎవరో ఎక్కువ మాట్లాడుతున్నారని బాధపడే ముందు గేమ్ మాస్టర్ తన వర్ణనలను సగానికి తగ్గించుకోవాలి. బల్ల దగ్గర అందరికంటే ఎక్కువ సమయం తీసుకునేది సాధారణంగా అతనే. కొత్తగా నడపడం మొదలుపెట్టినవాళ్లు నలుగురు ఆటగాళ్లతో ఆపడం మంచిదని నా అభిప్రాయం.

అయితే ఆ పదిహేను నిమిషాలను గడియారం చూసి పంచినా న్యాయం జరగదు. ఇరవై నిమిషాలు సంతలో బేరమాడిన పాత్ర వల్ల కథ అంగుళం కూడా కదలకపోవచ్చు, ఒకే ఒక్క మాట అన్న పాత్ర వల్ల మొత్తం దారి మారిపోవచ్చు. నేను నమ్మే కొలత ఇది: ప్రతి ఆటగాడూ ప్రతి సెషన్‌లో కనీసం ఒక్కసారి, కథను మలుపు తిప్పే నిర్ణయం తానుగా తీసుకోవాలి. మూడు నాలుగు సెషన్లకు ఒకసారి ఒక పెద్ద ఘట్టం పూర్తిగా అతని పాత్రదే కావాలి. ఈ రెండూ జరిగినప్పుడు ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారన్నది ఎవరికీ పట్టదు.

మొదటి మెట్టు: పాత్రలు తయారయ్యే రోజునే పంపకం మొదలుపెట్టండి

ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని పాత్రలనూ హద్దులనూ మాట్లాడుకునే సమావేశాన్ని సెషన్ జీరో అంటారు. వంతుల సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది, లేదా అక్కడే పుడుతుంది. ఇద్దరు ఆటగాళ్లు ఒకే పనిలో ఆరితేరిన పాత్రలు చేసుకుంటే, చొరవ ఎక్కువ ఉన్నవాడు ఆ పనిని సొంతం చేసుకుంటాడు, రెండోవాడు నీడలో ఉండిపోతాడు.

చిత్తూరు జిల్లా ఊళ్లలో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు జరిగే భారతం చూసి పెరిగినవాళ్లకు ఈ సంగతి ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. బకాసుర వధ నాడు ఊరంతా భీముడి వెంట నడుస్తుంది. తపసు మాను ఎక్కే నాడు కళ్లన్నీ అర్జునుడి మీదే ఉంటాయి. నకుల సహదేవులకు అంతటి ఘట్టం లేదు. కానీ అదే కథలో విరాట పర్వానికి వచ్చేసరికి నకులుడికి గుర్రాలూ సహదేవుడికి ఆలమందలూ దక్కాయి. భీముడు వంటశాలలో, అర్జునుడు నాట్యశాలలో, ధర్మరాజు కొలువులో, ద్రౌపది అంతఃపురంలో ఉన్నారు. ఆరుగురికీ ఆరు వేర్వేరు పనులు, ఆరు వేర్వేరు చోట్లు. బృందాన్ని కూర్చేటప్పుడు విరాట పర్వాన్ని మనసులో పెట్టుకోండి.

ప్రతి ఆటగాడినీ మూడు సంగతులు రాసి ఇమ్మనండి: ఈ బృందంలో తన పాత్ర ఒక్కటే చేయగల పని, తన పాత్ర బలంగా కోరుకునే విషయం, మరో ఇద్దరు ఆటగాళ్ల పాత్రలతో తనకున్న సంబంధం. మూడోది తప్పనిసరి. వైద్యురాలు ఒకప్పుడు సిపాయి తమ్ముణ్ని బతికించలేకపోయింది అని రాసుకుంటే, సిపాయి కథ ముందుకు నడిచిన ప్రతిసారీ వైద్యురాలు కూడా అందులో ఉంటుంది. ఒకరి వంతులో మరొకరికి పని కల్పించే మార్గం ఇంతకంటే తేలికైనది నాకు కనిపించలేదు.

ఇదే సమయంలో ఒక్కొక్కరినీ విడిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: “కథ నీ చుట్టూ తిరగడం నీకు ఎంత ఇష్టం?” కొందరికి చూస్తూ కూర్చుని అవసరమైన చోట ఒక మాట అనడంలోనే ఆనందం ఉంటుంది, వాళ్లను బలవంతంగా ముందుకు తోయడం కూడా అన్యాయమే. నలుగురిలో అడిగితే అందరూ “ఏదైనా ఫర్వాలేదు” అంటారు కాబట్టి ఫోన్‌లోనో, బండి మీద ఇంటి దగ్గర దింపేటప్పుడో అడగండి.

రెండో మెట్టు: ప్రతి సెషన్‌కు ముందు గడుల కాగితం

ఒక కాగితం మీద పైన పాత్రల పేర్లు, పక్కన మీరు అనుకున్న ఘట్టాలు రాసి గడులు గీయండి. ప్రతి ఘట్టంలో ఎవరి నైపుణ్యం పనికివస్తుందో, ఎవరి కోరిక తగులుతుందో ఆ గడిలో గుర్తు పెట్టండి. ఏ పాత్ర కింద అయినా ఒక్క గుర్తు కూడా పడకపోతే కొత్త ఘట్టం కల్పించనక్కరలేదు, ఉన్న ఘట్టంలో ఒక వివరం మార్చితే చాలు. దొంగలు వదిలి వెళ్లిన బండిలో ఎర్రచందనం దుంగలతో పాటు ఒక మూలికల సంచి కూడా ఉందనండి. వైద్యురాలికి గుర్తు పడుతుంది.

ఈ విషయంలో రెండు ఆటల నిర్మాణం చూసి నేర్చుకోవచ్చు. 2004లో వచ్చిన ప్రైమ్‌టైమ్ అడ్వెంచర్స్‌లో ప్రతి పాత్రకూ ఒక్కో ఎపిసోడ్‌లో ఎంత ప్రాధాన్యం ఉండాలో ఒకటి నుంచి మూడు వరకు అంకెలతో ముందే నిర్ణయిస్తారు. మూడు పడిన ఎపిసోడ్ ఆ పాత్రది. 2009 నాటి ఫియాస్కోలో గేమ్ మాస్టరే ఉండడు, ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు ఆ ఘట్టం వారి పాత్రదే అవుతుంది. మీరు ఆ ఆటలు ఆడకపోయినా అంకెల పద్ధతిని మీ కాగితంలోకి తెచ్చుకోవచ్చు. ఈ వారం కరణానికి మూడు, వేటగాడికీ వైద్యురాలికీ రెండు, మిగిలిన ఇద్దరికీ ఒకటి. వచ్చే వారం మూడు మరొకరికి. ఈ అంకెలను ఆటగాళ్లకు ముందే చెప్పడమే మేలని నేను అనుకుంటాను. తన వారం రాబోతోందని తెలిసినవాడు ఈ వారం పక్కవాడికి సంతోషంగా దారి ఇస్తాడు.

మూడో మెట్టు: బల్ల దగ్గర ఎవరిని, ఎలా, ఏమని అడగాలి

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటలలో యుద్ధం మొదలైతే ఇనీషియేటివ్ (ఎవరి తర్వాత ఎవరో తేల్చే పాచిక) ప్రకారం అందరికీ వరుసగా వంతులు వస్తాయి. యుద్ధం లేనప్పుడు అలాంటి వరుస ఏదీ లేదు. అప్పుడు “ఇప్పుడు ఏం చేస్తారు?” అని బల్ల మొత్తాన్నీ అడిగితే, గొంతు పెద్దదైనవాడే ప్రతిసారీ ముందు జవాబిస్తాడు. ఆ ప్రశ్నను పూర్తిగా మానేయండి. పాత్రను పేరు పెట్టి పిలిచి, ఆ పాత్రకే తెలిసిన ఒక వివరం ఇచ్చి, రెండు మూడు దారులున్న ప్రశ్న అడగండి.

మన బల్లల దగ్గర మరో చిక్కు ఉంది. కూర్చున్నవాళ్లలో ఒకరికొకరు అన్న, అక్క, బావ, కాలేజీ సీనియర్ అవుతారు. అన్న మాట్లాడుతుంటే తమ్ముడు అడ్డం రాడు, సీనియర్ నిర్ణయం చెప్పేస్తే జూనియర్ కాదనడు. ఇది మంచి పెంపకమే, కానీ ఆటలో దీనివల్ల వయసు వరుసే కథ వరుస అయిపోతుంది. అమ్మాయిలు ఒకరిద్దరే ఉన్న బృందంలో వాళ్ల మాట మధ్యలోనే తెగిపోవడం కూడా చూస్తుంటాం. దీనికి మందు పాత్రల పిలుపులోనే ఉంది. అందరికంటే చిన్నవాడు కరణం పాత్ర వేస్తుంటే, ఆట సాగినంతసేపూ గేమ్ మాస్టర్ అతన్ని “కరణం గారూ, మీరేం చేస్తారు?” అని మన్నించి పిలవాలి. గేమ్ మాస్టర్ అలా పిలిస్తే మిగిలినవాళ్లూ కొద్దిసేపట్లో అలాగే పిలుస్తారు. అధికారం ఉన్న పాత్రలను వయసులో చిన్నవాళ్లకు ఇవ్వడం కూడా సెషన్ జీరోలోనే ఆలోచించదగిన విషయం.

ఒక ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం. చంద్రగిరి రాజమహల్‌లో, రాత్రి వేళ, లెక్కల తాటాకులు ఉంచిన గది ముందు బృందం నిలబడి ఉంది. సిపాయి పాత్ర వేస్తున్న పెద్దాయన వెంటనే “తలుపు పగలగొడతా” అన్నాడు. అతన్ని కాదనకుండా గేమ్ మాస్టర్ ఇలా అందుకోవచ్చు:

“సిపాయి భుజం తలుపుకు ఆనించాడు. అక్కడ ఒక్క క్షణం ఆపుదాం. కరణం గారూ, ఆ తలుపు మీద పడిన లక్క ముద్ర మీ కచేరీదే. నిన్న సాయంత్రం ఆ ముద్ర మీ నడుముకే ఉండింది. ఈ సంగతి సిపాయికి చెబుతారా, దాస్తారా?”

బల్ల దగ్గర అందరూ చిన్నవాడి వైపు చూస్తారు. పెద్దాయనకు ఆత్రం ఆగక, “చెప్పబ్బా, ఏమి ఆలోచిస్తా ఉండావు?” అంటాడు. “అన్నా, కరణాన్ని ఆలోచించుకోనీ” అని గేమ్ మాస్టర్ మెత్తగా ఆపాలి. పది సెకన్ల మౌనం గేమ్ మాస్టర్‌కు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా ఆ మౌనాన్ని తాను పూరించకూడదు. చివరికి చిన్నవాడు, “చెప్పను. ముందు నేనొక్కడినే లోపలికి పోతాను, నువ్వు బయట కావలి ఉండు అంటాను” అన్నాడనుకోండి. అతను మాట్లాడింది ఒకే వాక్యం. ఆ వాక్యంతో కరణం ఒంటరిగా లోపలికి వెళ్లాడు, సిపాయికి అనుమానం పుట్టింది, తర్వాతి గంట కథంతా దాని మీదే నడుస్తుంది. సిపాయి వంతు కూడా పోలేదు, ఇంకా పదునెక్కింది.

పాచికల విషయంలో కూడా వంతులు కారిపోతుంటాయి. అడవిలో అడుగుజాడలు వెతకడానికి వేటగాడు పాచిక వేసి ఓడిపోగానే మిగిలిన నలుగురూ “నేనూ వేస్తా” అంటారు, నైపుణ్యమే లేని బైరాగికి ఇరవై ముఖాల పాచిక మీద అన్నిటికంటే పెద్ద అంకె ఇరవై పడుతుంది. వేటగాడి ఆటగాడు పాత్ర తయారుచేసుకున్నప్పుడు కోరుకున్న ఒకే ఒక్క గొప్ప అలా చేజారిపోతుంది. ఒక పనికి ఒక్కరే వేయాలి, కావాలంటే మరొకరు ఎలా సాయం చేస్తున్నారో వర్ణించి సాయపడాలి అని నియమం పెట్టుకోండి. గమ్‌షూ పద్ధతిలో నడిచే పరిశోధన ఆటలలో తగిన నైపుణ్యం ఉన్న పాత్ర సరైన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం పాచిక వేయకుండానే దొరుకుతుంది. ఈ ఒక్క నియమాన్ని ఏ ఆటలోకైనా తెచ్చుకోవచ్చు: “వేటగాడా, ఇక్కడ నడిచినవాళ్లు చెప్పులు తిరగేసి తొడుక్కున్నారని నీకు చూడగానే తెలిసింది” అని నేరుగా చెప్పేయండి.

భాషను గురించి కూడా ఒక మాట. నియమాల పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉండడం వల్ల, ఆ భాష ధారాళంగా వచ్చినవాళ్లకే బల్ల మీద పట్టు దొరుకుతుంది. వర్ణనలూ సంభాషణలూ పూర్తిగా తెలుగులో నడపండి. చిత్తూరు వైపు నుంచి వచ్చి తమిళం కలిపి మాట్లాడేవాళ్లుంటే వాళ్ల పాత్ర కూడా అలాగే మాట్లాడవచ్చు. నియమాలలో రోజూ అవసరమయ్యే వాటిని ఒక్క పేజీలో తెలుగులో రాసి అందరి ముందూ పెడితే, ఇంతకాలం మౌనంగా ఉన్నది భయం వల్లనా, ఇష్టం లేకనా అన్నది తేలిపోతుంది.

నాలుగో మెట్టు: బృందం విడిపోయినప్పుడు

ముగ్గురు కోటలో, ఇద్దరు స్వర్ణముఖి ఒడ్డున ఉంటే, ఒక వైపు కథ అయిదారు నిమిషాలు దాటకుండా మరో వైపుకు మారాలి. ఎక్కడ తెంపాలన్నదే ఇందులో మెలకువ. పని పూర్తయిన చోట తెంపితే రెండో వైపు వాళ్లు ఫోన్లు తీస్తారు. ప్రశ్న అడిగి జవాబు రాకముందు, లేదా పాచిక చేతిలోకి తీసుకుని వేయకముందు తెంపండి. జవాబు ఆలోచించుకోవడానికి ఆ ఆటగాడికి సమయం దొరుకుతుంది, మిగిలినవాళ్లు కూడా అది తెలుసుకోవాలని ఎదురుచూస్తారు. ఎక్కువసేపు ఖాళీగా ఉండవలసివచ్చినవాళ్లకు ఒక చీటీ ఇచ్చి పడవవాడి పాత్రో, సత్రం యజమాని పాత్రో అప్పగించవచ్చు.

యుద్ధంలో

ఇక్కడ వంతులు వరుసగానే వస్తాయి కనుక సమస్య వేగానిదే. ఒకరి వంతు నడుస్తుండగానే “తర్వాత వైద్యురాలు, సిద్ధంగా ఉండండి” అని చెప్పాలి. దాడి పాచికనూ దెబ్బ పాచికనూ ఒకేసారి వేయించాలి. మంత్రాల జాబితా పొడవుగా ఉన్నవాళ్లు తమకు బాగా పనికివచ్చే అయిదింటిని చీటీ మీద రాసుకుని రావాలి.

అయిదో మెట్టు: చొరవ ఎక్కువైనవాళ్లు, తక్కువైనవాళ్లు

ఎక్కువ మాట్లాడేవాడు చాలాసార్లు ఆటను అందరికంటే ఎక్కువగా ప్రేమించేవాడే. మౌనం వస్తే ఆట చచ్చిపోతుందని భయపడి మాట్లాడతాడు. అతన్ని నలుగురిలో మందలించకండి, అతని పాత్రను కథలో గాయపరిచి బుద్ధి చెప్పాలని ఎన్నడూ చూడకండి. రెండోది చేసిన గేమ్ మాస్టర్ మీద బల్ల మొత్తానికీ నమ్మకం పోతుంది. విడిగా కూర్చోబెట్టి, సాయం అడిగే తీరులో చెప్పండి: “వైద్యురాలికి ఈ వారం పెద్ద ఘట్టం ఉంది. నీ సిపాయి ఆమెను ఏదో ఒకటి అడిగి ఆమె చేత మాట్లాడిస్తే నాకు చాలా సాయం.” పక్కవాళ్లకు దారి తీసే పని అప్పగిస్తే అతని ఉత్సాహమే బృందానికి బలమవుతుంది.

తక్కువ మాట్లాడేవాళ్లకు కావలసింది వ్యవధి. “రెండు నిమిషాల్లో నీ దగ్గరికి వస్తాను, బైరాగి గుడి మంటపంలో ఎవరిని చూశాడో ఆలోచించి పెట్టుకో” అని ముందుగా చెప్పి, సరిగ్గా రెండు నిమిషాల తర్వాత రండి. వాళ్లు చెప్పినదాన్ని కథలో నిజం చేయండి. మంటపంలో ఒక గుడ్డి ముసలామెను చూశానంటే, ఆ ముసలామె తర్వాతి సెషన్‌లో కూడా కనిపించాలి, ఆమెకు ఏదో తెలిసి ఉండాలి. తాను కల్పించిన మనిషి కథలో బతికి ఉందని చూసిన ఆటగాడు తర్వాతిసారి అడగకుండానే నోరు విప్పుతాడు. అలా కాక, “నువ్వేమీ మాట్లాడడం లేదేమి?” అని అందరిముందూ అడిగితే ఉన్న ధైర్యం కూడా పోతుంది.

ఆరో మెట్టు: సెషన్ తర్వాత

చివరి పది నిమిషాలు దీనికోసం ఉంచండి. ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: “ఈ రోజు నీ పాత్ర కాక, మరొకరి పాత్ర చేసిన పనిలో నీకు గుర్తుండిపోయేది ఏది?” జవాబులలో ఎవరి పేరు ఒక్కసారి కూడా రాలేదో చూసుకోండి. గడుల కాగితంలో వచ్చే వారానికి మొదటి గుర్తు ఆ పాత్ర కిందే పడాలి. ఈ ప్రశ్నలో ఫిర్యాదుకు చోటు లేదు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు, మీకు కావలసిన సమాచారం మాత్రం పూర్తిగా అందుతుంది. మనసులో మాట నలుగురిలో చెప్పలేనివాళ్లను మర్నాడు వాట్సాప్‌లో విడిగా పలకరించండి.

ఎవరైనా రాలేకపోయిన వారం వాళ్ల పాత్రను మరో ఆటగాడి చేతికి ఇవ్వకండి. ఇస్తే అది సాధారణంగా చొరవ ఎక్కువ ఉన్నవాడికే చేరుతుంది, అతనికి రెండు వంతులవుతాయి. పాత్రను కథలోనే గౌరవంగా పక్కకు పంపండి: కరణం నారాయణవనం కచేరీలో లెక్కలు అప్పగించడానికి వెళ్లాడు. ఆ వారం మధ్యలో ఫోన్ చేసి, “నారాయణవనంలో మిగిలిన నలుగురికీ తెలియని సంగతి ఒకటి నీకు తెలిసింది, అదేమిటో నువ్వే చెప్పు” అని అడగండి. అతను చెప్పినదానికి తగ్గట్టు మీ కాగితం సరిచేసుకుని, అతను తిరిగి వచ్చిన ఆదివారం మొదటి ఘట్టాన్ని కరణం గుర్రం దిగడంతో మొదలుపెట్టి, మొదటి ప్రశ్న అతన్నే అడగండి.